పాత లెన్సు, కొత్త కెమెరా, ఆపా సలహా

కొత్త కెమెరా కొన్న నాడు దానికి పెట్టే లెన్సు నా దగ్గర ఒక్కటి గూడ లేకుండె. బాడీ మటుకే కొన్న. కోఠిల దుకాణం నడిపే మనిషి డబ్బా నా చేతిల పెట్టుకుంట, "మేడమ్, మీ పాత లెన్సులు దీనికి పట్టయి. ఈ కెమెరాకు దీని లెన్సులే ఉంటయి. అవే తీస్కోండ్రి, ఇగ ఏ ఫికర్ ఉండది" అన్నడు. మంచిగనే నవ్విండు. నాకు ఆ నవ్వు మీదనే అనుమానమొచ్చింది.

"అడాప్టర్ పెట్టుకుంటే పడ్తయి గదా భయ్యా?" అని అడిగిన.

"పడ్తయి," అన్నడు. జర ఆగి, "పడ్తయి గానీ..." అన్నడు.

ఆ "గానీ" తర్వాత ఏముందో చెప్పలె. ఇంతల ఇంకో గిరాకీ వచ్చింది. నేను డబ్బా సంచిల పెట్టుకొని బస్సెక్కిన. అఫ్జల్‌గంజ్ కాడ ఉస్మాన్‌గంజ్ దిక్కు నుంచి వచ్చే మూటల బండ్ల నడుమ బస్సు ఇరుక్కున్నది. అంతసేపు సంచిని రెండు చేతులతోని ఒళ్ల పట్టుకొని ఆ "గానీ" గురించే ఆలోచించిన. అమ్మేటోడు సగం చెప్పి ఆపితే మిగిలిన సగం ఆయనకే లాభం అని నా లెక్క.

మాది పాత బస్తీల జహనుమా. అత్తగారింట్ల బర్లున్నయి. మామ పొద్దుగాల పాలు పిండి పోస్తడు, గల్లీల సగం ఇండ్లకు మా పాలే. నా పెనిమిటి బస్సు డిపోల పని చేస్తడు. నేను పెండ్లిళ్లల్ల ఆడోళ్ల దిక్కు ఫోటోలు తీస్త. మా దిక్కు ముసల్మాన్ల పెండ్లిళ్లల్ల ఆడోళ్ల భాగంలకు మొగ ఫోటోగ్రాఫర్‌ను రానియ్యరు. అట్ల నాకు పని దొరికింది. శానా ఏండ్ల కింద ఒక స్టూడియోల పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించుడు కాడ మొదలుపెట్టి, మెల్లగ కెమెరా పట్టుకున్న. పాత కెమెరా, రెండు లెన్సులు. ఒకటి జూమ్. ఇంకోటి మొఖాల కోసమని కొన్న ఎయిటీఫైవ్ ఎంఎం లెన్సు. ఆ ఎయిటీఫైవ్‌తోని తీస్తే పెండ్లిపిల్ల కండ్లు మెరుస్తయి, వెనక ఉన్న కుర్చీలు, డబ్బాలు, సీరియల్ బల్బులు అన్నీ మెత్తగ కరిగిపోతయి. నా పేరు నలుగురికి తెలిసిందంటే ఆ లెన్సు పుణ్యమే.

పాత కెమెరా పెండ్లి నడుమల ఆగిపోవుడు షురూ అయింది. రిపేరు చేపిచ్చిన, మళ్ల ఆగింది. అందుకే కొత్తది కొన్న, మిర్రర్‌లెస్. పాత కెమెరా కడుపుల ఒక అద్దం ఉంటది. ఫోటో తీసినప్పుడల్ల లేచి పడుతది, టక్కుమనే సప్పుడు ఎక్కువ దానిదే. కొత్తదాన్ల ఆ అద్దం లేదు, అందుకని లెన్సు లోపలికి దగ్గరగ కూసుంటది. పాత లెన్సుకు మునుపటంత ఎడం కావాలె. ఆ ఎడం ఇచ్చే రింగే అడాప్టర్. చూస్తే ఖాళీ గొట్టం, ముందు వెనక కరెంటు అందిచ్చే చిన్న చిన్న చుక్కలు, అంతే. దాంట్ల గాజు గిట్ల ఏం ఉండది. ఖాళీ గొట్టంతోని పనైతదంటే కొత్త లెన్సులు ఎందుకు కొనాలె? కొనుమని చెప్పేటోళ్లకు దాంట్ల ఏం లాభం? నా బుర్రల ఇదే తిరిగింది.

ఇంటర్నెట్ల చూసిన. ఒకాయన కొత్త లెన్సులే మేలు అంటడు, కింద ఆ లెన్సు కొనే లింకు పెడ్తడు. ఇంకొకాయన అడాప్టర్ మస్తు ఉన్నదంటడు, కింద అడాప్టర్ కొనే లింకు పెడ్తడు. వీళ్లనూ నమ్మబుద్ధి కాలె.

అప్పుడు ఆపాను అడిగిన.

ఆపా అంటే ఉర్దూల అక్క, నాతోని పని చేసే ఆమెను అట్ల పిలుస్త. నాకంటే జర పెద్దది. చాంద్రాయణగుట్టల ఉంటది. నేను ఫోటోలు, ఆమె వీడియో. బురఖా మీద కెమెరా సంచి అడ్డంగ ఏసుకొని స్కూటీ మీద వస్తది, నన్ను వెనక ఎక్కిచ్చుకుంటది. ఎన్ని పెండ్లిళ్లు చేసినమో యాది లేదు. ఒక ప్లేటుల తిన్నం, ఒకరి పిల్లల జ్వరాలు ఒకరికి తెలుసు. అయినా పని కాడికి వచ్చేసరికి మనిషి మనసుల ఏముందో చూసుకోవాలె అని నేను మొదటి నుంచి అనుకునేదాన్నే.

"నక్కో బహెన్, అడాప్టర్ వద్దు," అన్నది ఆపా, నేను అడగంగనే. "పాత లెన్సు మోటర్ లొల్లి చేస్తది. కొత్త కెమెరా చెప్పినంత జల్ది అది తిరగది. అమ్మేయ్. ఎయిటీఫైవ్ ముందుగాల అమ్మేయ్, ఇంకా దానికి విలువ ఉన్నప్పుడే."

"ఎవరు కొంటరు ఆపా?"

"మా తమ్ముడు చూస్తడు. వాని దగ్గర గిరాకీలు ఉంటరు."

ఆపా తమ్మునిది పాత కెమెరాల దుకాణం. రిపేర్లు చేస్తడు, కొంటడు, అమ్ముతడు. ఆ మాట వినంగనే అనుకున్న: ఇది సలహానా, బేరమా? "చూస్త" అన్న. ఆమె గూడ మళ్ల అడగలె. మళ్ల అడగకపోవుడు గూడ నాకు నచ్చలె.

రెండు రోజులకు ఆపా తమ్ముడు ఫోన్ చేసిండు. నేను నంబర్ ఇయ్యలె. "బాజీ, ఎయిటీఫైవ్ ఇస్తరంట గదా? ఎట్లున్నది? లోపల దుమ్ము గిట్ల ఉన్నదా?" అని అడిగిండు.

"ఇస్తనని ఎవరికీ చెప్పలె నేను," అని ఫోన్ పెట్టేసిన.

ఆ రోజు పెనిమిటి డిపో నుంచి రాంగనే చెప్పిన. ఆయన చెప్పులు ఇడుసుకుంట, "ఆమె మంచిది గదా, నువ్వే అంటవు?" అన్నడు.

"మంచిదే. మంచోళ్లకు తమ్ముళ్లు ఉండరా?"

ఆయన నవ్విండు. నాకు నవ్వు రాలె. మర్నాడే పోయి అడాప్టర్ కొన్న. కెమెరా కంపెనీదే కొన్న, చవుకది కొనలె. చవుకది కొంటే తర్వాత ఏదన్న అయితే అందరు "చూసినవా" అంటరు. ఆ మాట వినుడు నాకు ఇష్టం లేదు.

ఇంటికి తెచ్చి బర్ల కొట్టంల పరీక్ష పెట్టిన. కొత్త కెమెరా మనిషి కన్నును ఎతుక్కొని దాని మీద చిన్న చదరం పెడ్తది, ఆడ ఫోకస్ చేస్తది. అత్తమ్మ గడ్డి ఏస్తుంటే కెమెరా పెట్టి చూసిన. చదరం పోయి బర్రె కన్ను మీద కూసున్నది.

"ఏందే, నన్ను ఇడిసిపెట్టి బర్రెను తీస్తున్నవా?" అన్నది అత్తమ్మ.

"నేను కాదత్తమ్మా, కెమెరానే."

"దాని కండ్లే మంచిగున్నయేమో తియ్," అని పోయింది.

ఫోటోలు కంప్యూటర్ల పెద్దగ చేసి చూసిన. బర్రె కనురెప్పల మీది వెంట్రుకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. పాత కెమెరాల ఎన్నడు ఇంత సాఫుగ రాలె. జూమ్ లెన్సు మటుకు జర సతాయించింది, ముందుకు వెనకకు ఆడుకుంట ఆలస్యంగ పట్టుకున్నది. ఎయిటీఫైవ్ మంచిగనే ఉండె. ఇగ నాకు గట్టిగ నమ్మకం కలిగింది. కోఠి దుకాణం ఆయన, ఇంటర్నెట్ల మనుషులు, ఆపా, ఆపా తమ్ముడు, అందరు నా చేతుల నుంచి ఈ లెన్సు గుంజుకోవాలని చూస్తున్నరు. అట్లనే అనుకున్న, నిజంగ.

ఆ తర్వాత చేసిన పెండ్లి మా గల్లీలదే. మా దగ్గర పాలు పోయించుకునే ఖాలా బిడ్డ పెండ్లి; ఖాలా అంటే పిన్ని, గల్లీల అందరం ఆమెను అట్లనే పిలుస్తం. ఖాలా రోజు పొద్దుగాల స్టీలు గిన్నె పట్టుకొని వస్తది, మామతోని రెండు మాటలు మాట్లాడి, అత్తమ్మతోని నాలుగు మాట్లాడి పోతది. ఆ పిల్ల గూడ నా కండ్ల ముందల పెరిగిందే. నిఖా ఇంట్లనే పెట్టుకున్నరు, సాయంత్రం అసర్ నమాజ్ అయినంక. దావత్ వేరే రోజు ఫంక్షన్ హాల్‌ల.

ఇంటి లోపలి అర్రల పెండ్లిపిల్లను కూసోబెట్టిన్రు. ఎర్ర దుపట్టా మొఖం మీదికి దించిన్రు. ఆపా దుపట్టా సర్దుతున్నది, పిన్నులు పెడుతున్నది. నేను ఫోటోలు తీస్తున్న. కొత్త కెమెరాను సప్పుడు రాకుండ పెట్టిన. పిల్ల నాయనమ్మ నా దిక్కే చూస్తున్నది. జరసేపటికి నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇది తీస్తున్నదా, తీస్తలేదా?" అని అడిగింది.

"తీస్తున్న దాదీ."

"టక్‌మంటలేదు. ఎప్పుడు తీస్తున్నవో మాకెట్ల తెలుస్తది? ఇది ఫోన్లకు పంపిస్తదంట గదా? మా పిల్లల ఫోటోలు ఏడికి పోతున్నయి?"

అర్రల ఉన్న ఆడోళ్లందరు ఇటు తిరిగిన్రు. ఒకామె దుపట్టా మొఖానికి అడ్డం పెట్టుకున్నది. ఇన్నేండ్ల పనిల నన్ను ఎవరు అట్ల చూడలె. కెమెరాల సప్పుడు పెట్టి, ఒక ఫోటో తీసి వినిపిచ్చిన. తీసినవన్నీ దాదీ పక్కన కూసొని ఒక్కొక్కటి చూపిచ్చిన. ఆమె అన్నీ చూసింది. "సరే," అన్నది, గానీ నా మీద నుంచి చూపు తియ్యలె.

అంతల బయట అలికిడైంది. పిల్ల తరఫున నిలవడే పెద్దమనిషి, ఆయననే వకీల్ అంటరు, సాక్షులు పిల్లను అడగనీకి లోపలికి వస్తున్నరు. పిల్ల "ఖుబూల్", అంటే ఒప్పుకుంటున్న, అని చెప్పే గడియ అది. ఆ గడియ వీడియో తీసుడు ఆపా పని. నేను చుట్టూ చూసిన, ఆపా లేదు. ముందు అర్రల వాకిలి కాడ ఆడోళ్ల మందల ఇరుక్కున్నది. నా దిక్కు చెయ్యి ఊపి, "నువ్వు తీయ్! వీడియో పెట్టు!" అని ఒర్రింది.

వచ్చేటోళ్లకు తోవ ఇయ్యనీకి నేను లోపలి అర్ర వాకిలి మూలకు జరిగి గోడకు ఒరిగి ఉన్న. కెమెరా మీద ఎయిటీఫైవ్ ఉండె. దాంతోని దూరం నుంచే పిల్ల మొఖం మటుకే నిండుగ కనవడుతది. వీడియో పెట్టిన. కెమెరా కన్నును పట్టుకున్నది, ఇడవలె. దుపట్టా సందుల నుంచి పిల్ల పెదవులు కదిలినయి. ఒకసారి, మళ్లోసారి, మళ్లోసారి. అందరు ముబారక్ అనుకుంట లేచిన్రు. నేను గూడ కండ్లు తుడుసుకున్న. ఖాలా ఏదని చూసిన, కనవడలె. వంటింట్ల ఉన్నదని ఎవరో అన్నరు.

మర్నాడు ఆ వీడియో పెట్టి చూసిన. బొమ్మ బంగారం. సప్పుడు పెట్టిన. కిర్ర్, కిర్ర్, కిర్ర్. పాత లెన్సు లోపల మోటరు తిరిగిన సప్పుడు. కెమెరా మైకు దానికి ఆనుకొనే ఉంటది గదా, పిల్లనేమో అర్ర ఆ కొసకున్నది. కెమెరా ఊకూకె కన్నును పట్టుకుంట మోటరును తిప్పింది. వకీల్ గొంతు అందుతున్నది. పిల్ల గొంతు అసలే లేదు. పెదవులు కదులుతున్నయి, కిర్ర్ మంటున్నది.

నేను ఆ లెన్సుతోని ఎన్నడు వీడియో తియ్యలె. మోటరు ఇంత సప్పుడు చేస్తదని నాకు తెల్వకనే పోయింది. ఆపా చెప్పింది. లొల్లి చేస్తదని నోటితోని చెప్పింది. నేను దాన్ని బేరం మాటలెక్క తీసుకున్న.

ఆపాకు ఫోన్ చేసి చెప్పిన. "చూస్త," అన్నది. పెట్టేసింది.

అప్పుడు మొదలైంది నా బుర్రల అసలు లొల్లి. ఇన్ని పెండ్లిళ్లు చేసినం, ఆ గడియల ఆపా ఎన్నడు పెండ్లిపిల్ల పక్క నుంచి కదలలె. ఆ రోజే ఎందుకు బయటికి పోయింది? మంద అప్పుడే రావాల్నా? నన్నే తీయుమని ఎందుకన్నది? అడాప్టర్ పెట్టిన లెన్సు ఎట్ల పని చేస్తదో నాకు చూపియ్యాలనే గదా? తప్పు నా మీద పడితే లెన్సు దానంతట అదే అమ్మకానికి వస్తది గదా? పొయ్యి కాడ చాయ పొంగిపోతున్నా తెలుస్తలేదు. ఇగ ఆ సాయంత్రమే ఆపా తమ్ముడు మళ్ల ఫోన్ చేసిండు. "బాజీ, గిరాకీ అడుగుతున్నడు," అన్నడు. నేను మారు మాట్లాడకుండ కట్ చేసిన. అనుమానం కాదు, ఇది ఖాయం అనుకున్న.

తెల్లారి ఖాలా గిన్నె పట్టుకొని వచ్చింది. పాలు పోసుకొని పోలె. నేనున్న కాడికి వచ్చి కూసున్నది.

"బేటీ, ఒక్క సంగతి. ఆల్బమ్ గిల్బమ్ తర్వాత ఇయ్యి, జల్ది లేదు. ఖుబూల్ అన్నది ఉన్నది గదా, అది మటుకు ముందు ఇయ్యి."

"ఎడిటింగ్ ఉన్నది ఖాలా," అన్న, మొఖం అటు తిప్పుకొని.

"నేను వినలె. ఆ టైముల వంటింట్లకు పోయి నిలవడ్డ. అందరి ముందట ఏడుస్తనేమో అని. నా బిడ్డ ఏమన్నదో నేను వినలె. నువ్వున్నవు గదా ఆడ, నువ్వు మా ఇంటి మనిషివి."

ఆమె పోయింది. అత్తమ్మ నా మొఖం చూసి, "ఏమైందే?" అన్నది. నేను బర్లకు కుడితి పెట్టనీకి లేచిన.

తర్వాతి రోజు ఖాలా మళ్ల అడిగింది. మూడో రోజు నేను పాలు పోసే టైముకు దొడ్లకు పోయి దాక్కున్న. ఆపా నుంచి ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తలె. ఇంక నా అనుమానానికి ఏం తక్కువ? ఖాలాకు అంతా చెప్పేస్త, ఆపా గురించి గూడ చెప్పేస్త అని గట్టిగ అనుకున్న.

ఆ మజ్జాన్నం ఆపా స్కూటీ మా వాకిట్ల ఆగింది. ఇంట్లకు రాలె. "ఎక్కు, ఖాలా ఇంటికి పోదాం," అన్నది. సంచిల లాప్‌టాప్ ఉన్నది.

"ఏం చెప్తవు ఆమెకు?" అన్న.

"వినిపిస్త."

"ఏం వినిపిస్తవు? దాంట్ల లెన్సు సప్పుడే ఉన్నది."

ఆపా నా దిక్కు చూసింది. "నేను పిల్ల దుపట్టాకు చిన్న మైకు పెట్టిన. సర్దేటప్పుడు. అది దాని లోపలనే రికార్డ్ చేసుకుంటది."

నాకు కోపం మస్తు వచ్చింది. "మైకు పెట్టిన ముచ్చట నాకెందుకు చెప్పలె? ఇన్ని రోజులు నన్ను ఇట్ల ఉడకబెట్టినవు. కావాలనే గదా? అందరి ముందట నేను చెడగొట్టిన, నువ్వు బాగు చేసినవని చెప్పుకోనీకే గదా?"

అనేసిన. వాకిట్లనే. మామ బర్ల కాడ నుంచి తల ఎత్తి చూసిండు. ఆపా హెల్మెట్ నా చేతిల పెట్టింది. ఎక్కిన.

ఖాలా ఇంట్ల ముందు అర్ర ఖాళీగ ఉండె. పెండ్లికి తెచ్చిన కుర్చీలు ఇంకా మూలకు పేర్చే ఉన్నయి. ఖాలా చాయ పెడ్తనని లేస్తుంటే ఆపా చెయ్యి పట్టి కూసోబెట్టింది. లాప్‌టాప్ తెరిసి, ఇయర్‌ఫోన్లు ఖాలా చెవులల్ల తానే పెట్టింది. నాకు వినపడలె. ఖాలా మొఖమే చూసిన. ముందు ఏం లేదు. తర్వాత ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతున్నయి, తుడుసుకుంటలేదు. అయిపోయింది. మళ్ల పెట్టుమన్నది. మళ్ల విన్నది.

అప్పుడు ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చేతిల పెట్టింది.

నేను పెట్టుకొని విన్న. గాజుల సప్పుడు, దుపట్టా రాపిడి, ఆడోళ్ల గుసగుసలు. అంతల పిల్ల గొంతు, అంత దగ్గరగ, నా చెవిలనే చెప్పినట్టు: "అమ్మీ కిధర్ హై?" అమ్మ ఏది అని అడుగుతున్నది. ఎవరో "వస్తది, వస్తది" అన్నరు. పిల్ల మళ్ల, "అమ్మీకో బులావో నా" అన్నది. అమ్మను పిలువుండ్రి అని. అంతలనే వకీల్ గొంతు వచ్చింది. జర ఆగి, పిల్ల సన్నగ, "జీ, ఖుబూల్ హై" అన్నది, మూడుసార్లు.

లాప్‌టాప్ మూసినంక ఆపా చెప్పింది, నాకు కాదు, ఖాలాకు. "మైకు లైటు వెలగలె ఆ రోజు. ఇంకోటి తెద్దామని బయటికి పోయి మందల ఇరుక్కున్న. నడిసిందో లేదో తెల్వది. ఇంటికి పోయినంక చూస్తే నడిసింది. విన్న. విన్నంక ఇది మీకు ఇయ్యాల్నా, కత్తిరిచ్చి ఇయ్యాల్నా సమజ్ కాలె. బిడ్డ పిలిచింది, మీరు లేరు. ఇది విని మీరు ఎట్లుంటరో అని భయమైంది. మా అమ్మను అడిగిన. ఆమె గూడ ఏం చెప్పలె. ఈ రోజు పొద్దుగాల ఇద్దామనే అనుకున్న."

ఖాలా కొంగుతోని మొఖం తుడుసుకున్నది. "అందరికి ఇచ్చేదాంట్ల అది కత్తిరియ్యి," అన్నది. "నాకు మటుకు మొత్తం ఇయ్యి." చాయ పెట్టనీకి లోపలికి పోయింది.

బయటికి వచ్చినంక ఆపా స్కూటీ తాళం చెవి తిప్పుకుంట నిలవడ్డది. బండి షురూ చేయలె. నేను చేతులు కట్టుకొని నిలవడ్డ. ఆఖరికి మనసుల ఉన్నదే అడిగిన.

"మైకు ముచ్చట సరే. లెన్సు సంగతేంది ఆపా? మీ తమ్ముడు ఎందుకు ఊకూకె ఫోన్ చేస్తుండు? గిరాకీ ఎవరు?"

ఆపా నఖాబ్ సర్దుకున్నది. "నేనే," అన్నది.

"ఏంది?"

"గిరాకీ నేనే. తమ్మునికి చెప్పొద్దని చెప్పిన. నాకు ఫోటోలు తీయాలని ఉన్నది బహెన్. ఎప్పటి నుంచో. నువ్వు ఎయిటీఫైవ్‌తోని తీస్తుంటే పక్క నుంచి చూస్తుంటి. మా తమ్ముని దుకాణంల పాత బాడీ ఒకటి ఉన్నది, దానికి ఆ లెన్సు అడాప్టర్ లేకుండ పట్టుతది. నీకు కొత్త లెన్సే మంచిది, అది అబద్ధం కాదు. నాకు నీ లెన్సు కావాలె, అది గూడ అబద్ధం కాదు."

"మొదలే చెప్పొచ్చు గదా?"

"చెప్తే నాతోని పని చేస్తుంటివా? నా పని పట్టుకపోతదని అనుకుంటుంటివి. ఇప్పుడు గూడ అనుకుంటున్నవు."

నేను లేదని అనలె. నిజంగనే అనుకుంటున్న. ఆమె చెప్పిన మాటల ఏది నా కోసం, ఏది ఆమె కోసం, ఎట్ల ఏరాల్నో నాకు తెలుస్తలేకుండె. రెండూ ఒకే మాటల కలిసే ఉన్నయి. నా అనుమానం సగం ఉత్తదే, సగం నిజం. ఆ సగం నిజం నాకు సంతోషం ఇయ్యలె.

"లెన్సు ఇయ్య," అన్న.

"సరే," అన్నది. బండి షురూ చేసి నన్ను ఇంటి కాడ దింపింది.

ఆ వారమే నేను మళ్ల కోఠి పోయిన. అదే దుకాణం. ఈసారి లెన్సు పట్టుకొని చూస్త అని ముందే చెప్పిన. కొత్త కెమెరాకే చేసిన జూమ్ లెన్సు ఒకటి నా బాడీకి పెట్టుకొని, దుకాణం తలుపు మూయుమన్న. బయట హారన్లు. చెవి లెన్సుకు ఆనిచ్చి వీడియో పెట్టిన. ఏం సప్పుడు లేదు. దుకాణం ఆయన నన్ను వింతగ చూసిండు. "మేడమ్, లెన్సుల చెవి పెట్టి కొనేటోళ్లను నేను ఇప్పటిదాకా చూడలె," అన్నడు. మళ్ల మైకు లేకుండ, మైకుతోని, దగ్గర, దూరం అన్నీ తీసి, ఇయర్‌ఫోన్లు పెట్టి వినుకుంట, ఆయన ఓపిక అయిపోయేదాకా ఆడ ఉన్న. కొన్న. పాత జూమ్ లెన్సు అదే దుకాణంల ఇచ్చేసిన, ఆపా తమ్మునికి మటుకు ఇయ్యలె. అది మొండితనమే. ఎయిటీఫైవ్ ఉంచుకున్న. ఫోటోలకు అడాప్టర్ పెట్టి అదే వాడుత, వీడియోకు ఎన్నడు పెట్టను. గల్లీల ఎవరన్న అడిగితే ఇదే చెప్త: సప్పుడు పట్టే పనికి కొత్తది, ఉత్త ఫోటోకు పాతది పనికొస్తది. ఎవరి మాట వినకుండ్రి, మీరే మీ అర్రల పెట్టి చూసుకోండ్రి అంట.

ఆపా తర్వాత వేరే లెన్సు కొనుక్కున్నది. మెల్లగ తన పెండ్లిళ్లు తాను తీసుకున్నది. కొన్ని నా దగ్గరికి రావాల్సినవే అటు పోయినయి. కొన్ని ఆమె నాకు పంపిచ్చింది. పెద్ద పెండ్లి అయితే ఇద్దరం పోతం. మాట్లాడుకుంటం, ఒక ప్లేటుల తింటం. మునుపటి లెక్క ఉన్నదని చెప్పలేను, లేదని గూడ చెప్పలేను. ఆమె సలహా ఇస్తే నేను సరే అంట, ఇంటికి వచ్చి మళ్ల చూసుకుంట.

మొన్న చాంద్రాయణగుట్టల ఒక పెండ్లి. పిల్లగాని దిక్కోళ్లు ఆపాను పిలిచిన్రు, పిల్ల దిక్కోళ్లు నన్ను పిలిచిన్రు. ఒకే వేదిక ముందట ఇద్దరం కెమెరాలు పట్టుకొని నిలవడ్డం. పిల్లను తీసుకొస్తున్నరని కేకలు వినవడ్డయి. ఆపా నా దిక్కు ఒంగి, "నీ అడాప్టర్ జర వదులైంది చూడు," అన్నది.

నేను ముందు ఆమె మొఖం చూసిన. తర్వాత రింగు పట్టుకొని తిప్పి చూసిన. నిజంగనే సన్నగ ఆడుతున్నది. లెన్సు తీసి, రింగు తీసి, మళ్ల గట్టిగ టక్కుమనేదాకా తిప్పి పెట్టిన.

"ఇప్పుడు మంచిగున్నది," అన్న.

"హౌ," అని తల ఊపింది ఆపా. అప్పటికే పెండ్లిపిల్ల మెట్లెక్కుతున్నది. ఆమె ఎడమ దిక్కు పోయింది, నేను కుడి దిక్కు పోయిన.